నూరు శాతం కోసం కొట్టేసిన పేరు

దుమ్ము లేచిన రోజున కువైట్ అబూ హలీఫాలోని మా ఇంట్లో కిటికీలన్నీ ఎంత బిగించినా ఒక వాసన లోపలికి వస్తుంది. తడి మట్టిదీ కాదు, సున్నానిదీ కాదు, గొంతులో సన్నగా గరగరలాడే ఎడారి వాసన. మొన్న అది ముక్కుకు తగలగానే నా చేతులు వాటంతటవే పాత తువ్వాలు తడిపి తలుపు కింద దోపాయి. ఆ పని నాకు నేర్పింది మా అక్క నాగవేణి. అక్క గుర్తొస్తే వెంటనే ఆమెకు జరిగినదాని మీద కోపమూ వస్తుంది. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

చిన్నప్పుడు మేం ఇక్కడే ఖైతాన్‌లో ఉండేవాళ్లం. నాయన రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఏసీలు బాగుచేసే చిన్న షాపులో మెకానిక్కుగా చేరాడు. ఎండాకాలంలో కుళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకులోంచి కాగిన నీళ్లు వచ్చేవి. పొద్దున్నే బకెట్లు నింపి పెట్టుకుంటే సాయంత్రానికి ఒంటి మీద పోసుకోగలిగేంత చల్లబడేవి. చలికాలంలో సందు చివరి కనార్ చెట్టు కింద రేగుపండ్ల లాంటి పండ్లు రాలితే అక్కా నేనూ ఏరుకొచ్చి, మిద్దె మీద డిష్ యాంటెన్నాల నీడలో కూర్చుని, గులకరాళ్లతో గచ్చకాయలాడుతూ తినేవాళ్లం. శుక్రవారం అమ్మ రాగిసంగటి కెలికి చెనిక్కాయల ఊరుబిండి నూరేది. ఉగాదికి వేపపూత దొరక్కపోతే ఊరి నుంచి ఎవరో తెచ్చిన ఎండుపూతనే పచ్చట్లో కలిపి, "చేదు చేదే కదా, తాగండి" అనేది.

నేను నాలుగేళ్లప్పుడే కువైట్ వచ్చేశాను. నాకంటే రెండేళ్లు పెద్దదైన అక్క మాత్రం తొమ్మిదేళ్లు వచ్చేదాకా అవ్వ దగ్గరే ఉండి తెలుగు బడిలో చదివింది. ఆమె ఇక్కడికొచ్చాక రెండు తరగతులు తగ్గించి నా తరగతిలోనే చేర్చుకున్నారు. నాకు ఇంగ్లీషు నోటికి వచ్చేసింది, ఆమెకు రాలేదు. అంతే తేడా. బుర్రలో తేడా ఉంటే అది ఆమె వైపే ఎక్కువ. సెలవు రోజుల్లో నాయన వెంట పనికి వెళ్లి, గది పొడవూ వెడల్పూ ఎత్తూ అడుగులతో కొలిచి, ఎన్ని టన్నుల ఏసీ కావాలో, రాగి గొట్టం ఎంత పడుతుందో కాగితం లేకుండా చెప్పేది. నాయన తన లెక్క చూసుకుని తల గీరుకుంటే, "పడమటి గోడకు ఎండ గొడతాది నాయనా, అది మర్సిపోయినావు" అని నవ్వేది.

మా బడిలో ఒక్కో తరగతికి నాలుగు సెక్షన్లు. 'ఎ'లో ఇంజనీర్ల, డాక్టర్ల పిల్లలు. 'డి'లో టైలర్ల, మెకానిక్కుల, డ్రైవర్ల పిల్లలు. వాళ్లలోనూ కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మాలాంటివాళ్లే ఎక్కువ. ఎవరూ అలా రాసి పెట్టలేదు. ఇంగ్లీషు పరీక్ష ఒకటి పెట్టి, పిల్లలే తమ తెలివిని బట్టి వేరుపడ్డట్టు చూపించేవాళ్లు. అక్క 'డి'లో పడింది. లెక్కల పేపర్లో రైలు గురించి నాలుగు వరుసల ఇంగ్లీషు ఉంటే ఆమెకు లెక్క కాదు, ఆ నాలుగు వరుసలే అర్థమయ్యేవి కావు. ఇంట్లో నేను తెలుగులో చదివి వినిపిస్తే నా పెన్సిల్ కదిలే లోపే జవాబు చెప్పేది. ఆ సంగతి కనుక్కోవాలని ఏ టీచరుకూ అనిపించలేదు. రెండో భాషగా తెలుగు ఉండేది, దాన్నీ మా ఏడో తరగతిలో తీసేశారు. పిల్లలు సరిపడా లేరట. ఆ ఒక్క గంటలోనే అక్క చెయ్యెత్తేది.

చుట్టుపక్కల బళ్లన్నీ పదో తరగతి ఫలితాలు చూపించి పిల్లల్ని లాక్కునేవి. తల్లిదండ్రులు బేరం చూసుకునే కొనుగోలుదార్లయ్యారు, బళ్లు దుకాణాలయ్యాయి. దుకాణంలో మచ్చపడ్డ పండును ముందే ఏరి పారేస్తారు.

తొమ్మిదో తరగతి చివర్లో నాయనను రమ్మని కబురొచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. నన్ను కూడా పిలిచారు. అక్కను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. సూపర్‌వైజరు మేడం విజయవాడ ఆమె, తెలుగులోనే మాట్లాడింది.

"చూడండీ, ఇప్పుడు టీసీ తీసుకుంటే పాసైనట్టు రాసిచ్చేస్తాం. లేదంటే ఫెయిలే. ఏది కావాలో మీరే చెప్పండి."

"బిడ్డ లెక్కలు బాగ చేస్తాది మేడం. ఇంగ్లీషే కొంచెం... ఇంగొక్క సంవత్సరం చూడండి."

"చూడలేమండీ, మా రిజల్ట్ పోతుంది. అయినా మీవైపు వాళ్లకి చదువు కంటే పనే ముఖ్యం కదా. చిన్నమ్మాయి బాగానే చదువుతోందిగా, సంతోషించండి."

మీవైపు వాళ్లు! ఆ గదిలో నేనూ ఆ వైపు దాన్నే. ఇంటికొచ్చాక నా వెంట పడి ఇంగ్లీషు రైలు లెక్కలు తెలుగులో చెప్పించుకునే అక్క గురించి ఒక్క మాట అనలేకపోయాను. నాయన "సరే మేడం" అని సంతకం పెట్టాడు. ఆ కాగితంలో 'తండ్రి కోరిక మేరకు' అని ఉంది.

బయటికి రాగానే అక్క అడిగింది. "ఏమన్నారు నాయనా?"

"ఊరికి పోదువులే మ్మా. అవ్వకాడ సదువుకుందువు."

ఆ మరుసటి ఏడు బడి గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. అందులో నా ముఖం కూడా ఉంది. నాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఈ నూరులో మన నాగవేణి యాడుంది?" అన్నాడు నాతో కాదన్నట్టుగా. బడివాళ్లిచ్చిన మిఠాయి పెట్టెను అమ్మ విప్పలేదు, మెట్ల దగ్గర ఊడ్చే మనిషికి ఇచ్చేసింది.

ఊళ్లో బడి అక్కను పదో తరగతిలో చేర్చుకోలేదు. కువైట్ సర్టిఫికెట్టు మీద ఇంకేవో ముద్రలు కావాలన్నారు. అవి వచ్చేసరికి సంవత్సరం పోయింది, తర్వాత పెళ్లి అయింది. ఆరేళ్ల కిందట మళ్లీ కువైట్ వచ్చింది, ఈసారి జహ్రాలో ఒక ఇంట్లో పనికి. 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి కూతురికి లెక్కలు రాకపోతే, వంటగది బండ మీద చిక్కుడు గింజలు పరిచి, వచ్చీరాని అరబ్బీలో భిన్నాలు నేర్పింది మా అక్క. ఆ పాపకు ఇప్పుడు క్లాసులో మంచి మార్కులు వస్తున్నాయి.

నేను లెక్కల టీచరునయ్యాను, వేరే బడిలో. ఈ ఫిబ్రవరిలో మా హెడ్ ఒక ఖాళీ కాగితం చేతికిచ్చి, తొమ్మిదిలో 'బోర్డు పరీక్షకు పనికిరాని' పిల్లల పేర్లు రాసిమ్మంది. ఆమెది విజయవాడ కాదు, తెలుగూ కాదు; మాట మాత్రం అదే. నేను రాయనన్నాను. సరే, ఆలోచించుకో అంది.

ఆ శుక్రవారం అక్కకు సెలవు. జహ్రా బస్‌స్టాపు దగ్గర కూర్చుని టీ తాగుతూ ఈ సంగతి చెప్పాను. అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు రాయకుంటే ఇంగొకరు రాస్తారు లేమే" అంది.

"తెలుసక్కా."

"అయినా నువ్వు రాయొద్దు. ఆ పొద్దు లోపల నా గురించి ఒగరన్నా ఒక మాట అనింటే ఎట్లుంటాదని ఇప్పటికీ అనుకుంటా."

ఆ గదిలో ఉన్నది నేనేనని ఆమెకు తెలుసు.

బడి తెరవగానే ఖాళీ కాగితమే తిరిగిచ్చాను. పేర్లు ఇంకెవరో రాశారు. ఏడుగురు, అందరూ మాలాంటివాళ్లుండే ఖైతాన్, జహ్రా నుంచి వచ్చేవాళ్లే. నేను ఆ ఏడుగురి ఇళ్లకూ ఫోన్ చేసి, దేని మీదా సంతకం పెట్టొద్దని తెలుగులో, హిందీలో, నాకొచ్చినంత తమిళంలో చెప్పాను. నలుగురు పెట్టలేదు. వచ్చే ఏడాది నాకు కాంట్రాక్టు ఇవ్వరని నిన్న తెలిసింది.

ఖైతాన్‌లో మేమున్న బిల్డింగు కూల్చేశారు. కనార్ చెట్టు ఉన్నచోట కార్లు పెడుతున్నారు. మా పాత బళ్లో తెలుగు చెప్పిన పంతులమ్మ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పోయినవాటిలో వీటిని తలుచుకుని ఏడవచ్చు. చెయ్యెత్తడానికి ఒక గంట కూడా బడి మిగల్చని ఆ పిల్లను తలుచుకుంటే మాత్రం నాకు ఏడుపు రాదు, కోపమే.