అర శ్రుతి పాపం

తార్నాకలో ఉండే మా వయసు వాళ్ళకు ఏ జబ్బు చేసినా డాక్టర్లు ముందుగా రాసే మందు యూనివర్సిటీలో నడక. మొన్న పొద్దున ఆ మందు మింగుతూ పాత హాస్టలు వెనక్కి వెళ్ళేసరికి, చెట్ల కింద నలుగురు పిల్లలు గిటార్లు వాయిస్తున్నారు. అడక్కుండా సలహా ఇవ్వడం వయసుతో వచ్చే హక్కు కాబట్టి, మీ తీగల శ్రుతి తగ్గింది నాయనా అన్నాను.

"తగ్గలే అంకుల్, మేమే హాఫ్ స్టెప్ దించినం. మావోని గొంతుకు గంతే సెట్టయితది" అన్నాడొకడు.

వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇదే హాస్టల్లో మాకూ ఒక బ్యాండు ఉండేది. నేను కీబోర్డు, నా రూమ్మేటు గిటారూ పాటా, డ్రమ్ములకొకడు, బేసుకొకడు. మేము వాయించేది సైకెడెలిక్ బ్లూస్ రాక్. బ్లూస్‌లో పడ్డానని ఇంటికి రాస్తే, ఏ ఊరి బులుసు వారు, మనకేమవుతారు అని తెనాలి నుంచి మా నాన్న తిరుగుటపాలో అడిగారు.

రూమ్మేటుది నల్గొండ వైపు రైతు కుటుంబం. మోట తోలుతూ వాళ్ళ తాత తీసిన రాగమంతా దిగివచ్చినట్టు బొంగురు గొంతు. ఆ గొంతు ఒక్క మాటను పట్టుకుని సాగదీస్తుంటే, కాలి కింద పెడల్ తొక్కినకొద్దీ గిటారు వావ్ వావ్ మని మూలిగేది, నా కీబోర్డు సాంబ్రాణి పొగలా దాని చుట్టూ తిరిగేది, పాట ఇరవై నిమిషాలైనా తెమిలేది కాదు. వరంగల్, నాగపూర్, పుణె, బెంగుళూరు, జనరల్ పెట్టెల్లో డ్రమ్ముల మీద తల వాల్చి ఊరూరూ తిరిగాం.

అతను తన గొంతుకు అనువుగా గిటారును మామూలు మూడు శ్రుతి నుంచి అర తగ్గించి, రెండున్నరకు కట్టేవాడు, బేసువాడు అది విని తన తీగలు సరిచేసుకునేవాడు. నా కీబోర్డుకు దించుకునే సదుపాయం లేదు. మూడు శ్రుతిలో ఆ స్వరాలన్నీ తెల్ల మెట్ల మీదే పలుకుతాయి, రెండున్నరలో అన్నీ నల్లవే. మేనమామ దగ్గర హార్మోనియం అరకొరగా నేర్చిన నా వేళ్ళకు అది రోజూ ముళ్ళబాటే.

రెండు నెలల తిరుగుడు తర్వాత మా క్యాంపస్‌లోనే ప్రోగ్రాం. అతను చాయ్‌కి వెళ్ళినప్పుడు గిటారును గుట్టుగా మూడు శ్రుతికి బిగించాను.

"తీగలు బిగుసుకున్నట్టున్నయేందిరా?" అన్నాడు స్టేజీ ఎక్కుతూ.

"చలికి రా" అన్నాను.

పాట పైకి వెళ్ళే చోట అతని గొంతు చీలింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ చీలింది. "ఏందన్నా, పొద్దూకినంక కోడి కూస్తున్నది!" అని ముందు వరసలోంచి మా హాస్టలు వాళ్ళే అరిచారు. శ్రుతి మించి రాగాన పడిందంటారే, దాన్ని చేతులారా చేసి చూపినవాణ్ణి నేను. ఆగి ఒక్క మాట చెబితే సరిపోయేది. తల వంచుకుని తెల్ల మెట్ల మీద హాయిగా వాయించాను.

మర్నాడు తార్నాక హోటల్లో, "తిరిగి తిరిగి గొంతు పోయింది రా. ఇగ నాతోని గాదు" అన్నాడు. గొంతుకేమీ కాలేదని డాక్టరు చెప్పినా నమ్మలేదు. బ్యాండు అక్కడితో ఆగింది. మేము వాయించింది పాప్ కాదు గాని, నేను చేసింది మాత్రం పాపం.

అతనిప్పుడు రామంతాపూర్‌లో ఉంటాడు. నేను వెళ్ళినప్పుడు తాతా ఒక పాట పాడవా అని మనవరాలు అడిగితే గొంతు తడుముకుని, టూర్లల్ల పోయింది బిడ్డా అంటాడు. అప్పుడల్లా నేను ఇంకో చాయ్ అడుగుతాను.

ఇప్పుడు ప్రతి గిటారు తలకూ ఒక చిన్న యంత్రం, శ్రుతి తప్పితే ఎర్ర దీపం. మా రోజుల్లో ఒకరి చెవిని ఒకరు నమ్మేవాళ్ళం. అతను నా చెవినే కాదు, నా మాటనూ నమ్మాడు.

ఈ పత్రిక వాళ్ళింటికి వస్తుంది, చివరి పేజీ నుంచి వెనక్కి చదవడం అతనికి అలవాటు. కాబట్టి చివర్లోనే చెబుతున్నాను. ఒరే, నీ గొంతు పోలేదు. ఆ రోజు చలి కూడా లేదు.