రాగిరేకు మీది భయం

పక్కింటామె కోళ్ళగంప ఎత్తుకుని మా గుమ్మం ముందునుంచి పరుగెత్తింది. ఆమె ఎప్పుడూ పరుగెత్తదు. వానొచ్చినా నడిచే వస్తుంది.

"సముద్రం లోపలికొస్తా ఉందంట," అనింది ఆగకుండా.

చేతిలో గరిటెతోనే బయటికొచ్చాను. పెద్దపిల్ల చెయ్యి దొరికింది. వీధిలో ఆడుకుంటున్న నాలుగేళ్ళ కొడుకు కనిపించలేదు.

మా ముందుగదిలో నేను కాలేజీలో చేసిన ఎచింగ్ ఒకటి ఉంది. మైనం పూసిన రాగిరేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. ఏదో యుద్ధంలో ఊరు ఊరంతా పారిపోతూ ఉంటుంది. నోళ్ళు తెరుచుకుని, చేతులు పైకెత్తి, అందరూ ఒకే వైపు. భయాన్ని పట్టుకున్నావని మాస్టారు మెచ్చుకున్నారు. అప్పటికి నేను భయపడింది పరీక్షలకే. ఇప్పుడు పిల్లలు తుమ్మినా భయమే. మా అత్త మాత్రం ఆ బొమ్మను చూసినప్పుడల్లా, "పాపం, వీళ్ళ బస్సు ఎల్లిపోయినట్టుందే," అంటుంది.

ఆ రోజు మైపాడు వీధిలో ఒక్కరూ చేతులెత్తలేదు. చేతులు ఖాళీగా లేవు. ఒకరి చంకలో మిక్సీ, ఒకరి భుజాన గ్యాస్ బండ. ఒకాయన తాళం వేశానో లేదో చూసుకోవడానికి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. నోళ్ళు తెరిచారు గానీ, అది ఆటోలో ముందు ఎవరెక్కాలన్న గొడవలో. పైగా సగం ఊరు రోడ్డు వైపు పోతుంటే, మిగతా సగం నేరుగా సముద్రం వైపు పరుగెడుతోంది.

"మా పిల్లోడేడి?" అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగాను.

"మీ అత్త ఎత్తకపోయిందక్కా, పడవకాడికి," అన్నాడొకతను.

సముద్రం పొంగుతుందంటే ఇక్కడ ముందు పడవల్ని పైకి లాగుతారు. ఆడా మగా, తాడందిన ప్రతి ఒక్కరూ. ఆ సంగతి నాకు తెలుసు. నా కొడుకూ ఆ లెక్కలోకి వస్తాడని మాత్రం తెలియదు.

పెద్దదాన్ని ఈడ్చుకుంటూ, అందరూ పారిపొమ్మంటున్న నీళ్ళ వైపే పరుగెత్తాను. ఇసుకలో మా మామ పడవ తాడు లాగుతోంది అత్త. వెనకాల తాడు కొస పట్టుకుని నా కొడుకు "ఐలేసా" అంటున్నాడు. వాణ్ణి ఎత్తుకున్నాను.

"వీణ్ణెందుకు తెచ్చినావత్తా?"

"వీధిలో వదిలేసి రమ్మంటావా? నువ్వేందమ్మే, గరిటె తెచ్చినావు. సముద్రానికి వడ్డిస్తావా?"

సముద్రం రాలేదు. ఎక్కడిదో పాత వీడియో ఎవరి ఫోన్‌లోకో వచ్చిందట, అంతే.

తెల్లారి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇంకోసారి సముద్రం వస్తోందని ఎవరైనా అంటే, నాయనమ్మ పిలిచినా సరే, రోడ్డు వైపే పోవాలని.

"మరి పడవ?" అన్నాడు వాడు.

"పడవకి తేలడం వచ్చు నాయనా. నీకు రాదు," అన్నాను.