బెత్లెహేము లూపులో సన్న చక్రాలు

ప్రమాదం జరిగినప్పుడు అక్కడ ఉన్నవి: ఇంజను ఒకటి. నాలుగు చక్రాల గూడ్సు పెట్టెలు పది. చివర గార్డు కూర్చునే బ్రేకు వ్యాను ఒకటి. వరిగడ్డి కప్పిన పశువుల పాక. మరియ, యోసేపు. ఖాళీ తొట్టి, ఎందుకంటే బాలుణ్ణి పండగ రోజు పొద్దునే పెడతారు. గొర్రెలు తొమ్మిది, వాటిలో ఒకటి నిజానికి కుక్క. కాపరులు ఇద్దరు. జ్ఞానులు ముగ్గురు, ఒంటె ఒక్కటే. మిగతా ఇద్దరు నడిచి వచ్చారని మా సంఘం ఎప్పుడో సర్దుకుంది.

ఉన్నవారు: పాస్టరు అయ్యగారు, రొయ్యల గుంటలున్న సంఘ పెద్ద, సండే స్కూలు అక్క, పాట నేర్చుకునే పిల్లలు, మా నాయన, నేను.

అది క్రిస్మస్‌కు వారం ముందు, అల్లూరులో మా చర్చిలో, సాయంత్రం రిహార్సల్. బండి పాక వెనక నుంచి వచ్చి, పసుపు బోర్డు మీద నల్లక్షరాలతో 'బెత్లెహేము' అని రాసి ఉన్న స్టేషన్లోకి తిరగబోయింది. టక్ మని చప్పుడైంది. నాలుగో పెట్టె పట్టాలు తప్పి, పక్కకు ఒరిగి, రెండో జ్ఞాని మీద పడింది. ఆయన బంగారం పెట్టెతో సహా గడ్డిలో తలకిందులయ్యాడు.

నేను చెయ్యి చాచాను.

"ఎవరూ ముట్టుకోబాకండి," అన్నాడు నాయన.

సంఘ పెద్ద వంగి చూశాడు. "అన్నా, జ్ఞాని తలకిందులుగా ఉండాడు. లేపేదా?"

"వొద్దు. ఆయన సాక్షి."

మా నాయన గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన క్రిస్మస్ ఆరాధనకు వచ్చింది నాకు గుర్తులేదు. పండగ పూట ఏదో ఒక ఊరి లూపు లైనులో, ఎక్స్‌ప్రెస్‌లకు దారిచ్చి నిలబడ్డ బండిలో, టిఫిన్ క్యారియర్ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. రిటైరైన ఏడాది, నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొనుక్కున్న బొమ్మ గూడ్సు బండిని చర్చిలో పాక చుట్టూ తిప్పుదామన్నాడు. అప్పుడు పాస్టరు అయ్యగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు.

"గార్డు గారూ, బెత్లెహేములో రైలెక్కడిది?"

"జనాభా లెక్కలకి ఎవరి ఊరికి వాళ్లు పొయ్యినారు గదా అయ్యగారూ. అంతమంది ఎట్ట పొయ్యినారు?"

"గూడ్సు బండిలోనా?"

"ప్యాసింజరు పెట్టెలు దొరకలా."

అయ్యగారికి నవ్వొచ్చింది. నవ్విన తర్వాత కాదనడం కష్టం. అట్లా మొదలైంది. ఏటా క్రిస్మస్ పొద్దున నాయన తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, పచ్చ జెండా ఎర్ర జెండా చంకలో పెట్టుకుని, పాక పక్కన నిలబడి బండిని పంపిస్తాడు. పండగా, డ్యూటీ ఒకే చోట దొరకడం ఆయనకు అప్పుడే మొదలు. ఆయన ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఇస్త్రీ చేసే ఆయనకు మాత్రం నవంబరు నుంచే గుర్తు చేస్తుంటాడు.

ఇక చక్రాల సంగతి.

కిందటి క్రిస్మస్‌కు బండి కీచుమంది. ఉప్పు గాలికి దుమ్ము కలిసి, ప్లాస్టిక్ చక్రాల చుట్టూ నల్లగా గట్టిపడింది. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, బండి నూనె లేని బోరింగులాగా అరుస్తూ మూడు చుట్లు తిరిగింది. ఆరాధన అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "నాయనా, వచ్చే ఏడాదికి దాని నోరు మూయించు," అన్నారు.

నాకు ఆ చక్రాలంటే ముందునుంచీ గిట్టదు. బొమ్మ రైళ్లకు మామూలుగా వచ్చే చక్రం వెడల్పు ఎక్కువ, లోపలి అంచు లోతు ఎక్కువ. చిన్నపిల్లలు ఎట్లా తోసినా పడకూడదని అలా చేస్తారు. నిజం పెట్టెను అదే కొలతలో తగ్గించి చూస్తే చక్రం అందులో సగం లావు కూడా ఉండదు. మా పెట్టెలు రైలు పెట్టెల్లా కాక, ఆటో టైర్లు తగిలించుకున్న ట్రంకు పెట్టెల్లా కనపడేవి. అందుకని సన్న చక్రాలు తెప్పించాను. లోహంవి, పల్చటి అంచువి, ఇరుసుతో సహా. పెట్టెకు రెండు ఇరుసులు, బ్రేకు వ్యానుతో కలిపి మొత్తం ఇరవై రెండు.

పని ఇలా చేశాను. పక్క చట్రాన్ని వేలితో వంచి పాత ఇరుసును ఊడదీయడం. అది కూర్చునే గుంటను బర్రు అనే చిన్న ఆకురాయి మొనతో శుభ్రం చేయడం. కొత్త ఇరుసు పెట్టి, రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరాన్ని డిజిటల్ కాలిపర్‌తో కొలవడం. తేడా ఉంటే చక్రాన్ని మెలితిప్పి సరిచేయడం. అద్దం మీద పెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో లేదో చూడడం. ఊదడం. ఊదితే కదిలే పెట్టె పాసైనట్టు. మూడో పెట్టె ఊదకముందే ఫ్యాను గాలికి టేబులు చివరిదాకా వెళ్లి కిందపడింది. దానికి ఎక్కువ మార్కులు వేశాను.

ఇంట్లో నేను వేసుకున్న లైను మీద ఆ బండి ఎంత నిశ్శబ్దంగా నడిచిందంటే, అమ్మ వచ్చి, "కరెంటు పోయిందా?" అని అడిగింది.

పాత చక్రాలు ఎక్కడికి పోయాయో కూడా చెప్పాలి. సండే స్కూలు అక్క ఒకరోజు ఇంటికొచ్చి, "తమ్ముడూ, పిల్లల పాటకి గలగలలాడేవి ఏమన్నా ఉండాయా?" అంది. ఇరవై రెండు ఇరుసులూ ఇచ్చేశాను. ఆమె వాటిని పాలపొడి డబ్బాల్లో వేసి, మూతలకు టేపు చుట్టి, పైన రంగు కాగితాలు అంటించింది. అవి గిలకలయ్యాయి. అంటే, వెనక్కి వెళ్లే దారి మూసుకుంది.

విచారణ అప్పటికప్పుడే మొదలైంది. నాయన కుర్చీ తెప్పించుకుని పాక ఎదురుగా కూర్చున్నాడు. మొదటి సాక్షి సండే స్కూలు అక్క.

"చప్పుడు ముందు వినపడిందా, పెట్టె ముందు పడిందా?"

"బాబాయ్, నేను పిల్లల పాటకి తాళం చూసుకుంటా ఉండాను."

"అడిగినదానికి చెప్పమ్మా."

"చప్పుడే ముందు. బాబాయ్, పిల్లల్ని ఇంటికి పంపీయాల."

రెండో జ్ఞానిని నాయన వంగి రెండు పక్కలనుంచీ చూశాడు. ఆయన మెడ విరిగిందనీ, ఆయన దగ్గర సమాచారం ఏమీ లేదనీ తేలింది. తర్వాత నా వంతు.

"పెట్టెలు ఫిట్ అని రాసింది ఎవరు?"

"నేనే నాయనా."

"చక్రాలు కొలిచినావా?"

"అన్నీ కొలిచాను."

"లైను కొలిచినావా?"

ఇంట్లో లైను కొలిచాను. చర్చిలో లైను కొలవలేదు. లూపులోకి మళ్లే పాయింటు దగ్గర ఒక పట్టా ఇంకో పట్టాను దాటాలి కాబట్టి, చక్రం అంచు పోవడానికి ఖాళీ వదులుతారు. ఆ పాయింటు పాత రకం, లావు చక్రాల కోసం చేసింది. ఖాళీ పెద్దది. లారీ చక్రం తెలియకుండా దాటేసే సందులో సైకిల్ చక్రం దిగబడినట్టు, నా సన్న చక్రం దాంట్లో దిగింది. రెండు వందల సార్లు చక్రాలు కొలిచి, అవి నడిచే చోటు కొలవకపోవడం నా చదువుకు తగ్గ తప్పే.

"లైను వేసింది ఎవరు?" అన్నాడు నాయన.

"నువ్వే."

నాయన లేచి నిలబడ్డాడు. "అట్టయితే ఈ కుర్చీలో నేను కూర్చోకూడదు," అని, సంఘ పెద్దను కూర్చోబెట్టి, తాను వచ్చి నా పక్కన సాక్షిగా నిలబడ్డాడు.

సంఘ పెద్దకు మూడేళ్లుగా ఒక ఆలోచన ఉంది. పాక ముందర పెద్ద గాజు తొట్టి పెట్టి, నీళ్లు పోసి, రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరేటరు చక్రం లాంటిది చిన్నది చేయించి తిప్పి, బతికున్న రొయ్యలు వదిలి, దానికి గలిలయ సముద్రం అని పేరు పెట్టాలని. జాగా లేక ఆగిపోయింది. ఆ జాగాలో మా బండి తిరుగుతుంది.

ఆయన కుర్చీలో సర్దుకుని తీర్పు చెప్పాడు. "నాకు తెలిసింది ఏందంటే, ఈడ నీళ్లు తక్కువైనాయి."

"గలిలయకీ బెత్లెహేముకీ చాలా దూరం," అన్నాను.

"నీ గూడ్సు బండి కన్నా దగ్గరే అబ్బయా."

అయ్యగారు ఇద్దరి మాటా విన్నారు. ఈ ఏడాది బండీ ఉంటుంది, మూలన గాజు తొట్టీ ఉంటుంది. పండగ ఆరాధనలో ఒక్క పెట్టె పడినా, వచ్చే ఏడాది నుంచి బండి ఉండదు. అంతా గలిలయే. నాయన "సరే అయ్యగారూ" అన్నాడు. అన్నం తినేటప్పుడు అమ్మతో, "ఇస్త్రీకి ఇయ్యబాక, చూద్దాం," అన్నాడు.

మర్నాడు నేను తేలిక దారి ఒకటి చెప్పాను. లూపుకు రెండు చివరలా ఉన్న పాయింట్లు పీకేసి, మామూలు పట్టా వేసేస్తే బండి గుండ్రంగా తిరుగుతుంది, పడదు.

"స్టేషను తీసేస్తావా?"

"బోర్డు ఉంటుంది నాయనా. లూపు ఒక్కటే ఉండదు."

"బెత్లెహేములో ఆగకుండా పొయ్యే బండి ఎందుకురా మనకి?"

కాబట్టి ఖాళీనే సన్నం చేయాలి. మందం సరిపోయే ప్లాస్టిక్ కోసం ఇల్లంతా కొలిచాను. పెళ్లి పత్రిక కవరు, పాత సిమ్ కార్డు, దువ్వెన. చివరికి పెరుగు డబ్బా మూత సరిపోయింది. దాన్ని సన్న చీలికలుగా కోసి, రెండు పాయింట్ల దగ్గరా పక్క పట్టాలకు లోపలివైపు అంటించాను. చక్రం అటూఇటూ ఊగే వీలు తగ్గింది. ఖాళీ అడుగున రెండు ట్యూబుల జిగురు కలిపి పోసి, గట్టిపడ్డాక ఆకురాయితో అరగదీశాను. ఇప్పుడు చక్రం దిగబడబోతే దాని అంచు జిగురు మీద ఆని దాటుతుంది.

ఒక్కో పెట్టెను వేలితో తోశాను. నాయన పక్కన గొంతుక్కూర్చుని ప్రతి పెట్టెకూ తలూపాడు. నాలుగో పెట్టెను మాత్రం ఆయనే తోసుకున్నాడు, వెనక్కీ ముందుకీ, టక్ అనే చప్పుడు కోసం తల పక్కకు వంచి. అది రాలేదు.

"అయినా పాయింటు మీద నెమ్మది. నడిచే మనిషి దాటిపోవాల బండిని."

"ఈ కొలతలో నడిచే మనిషంటే నిమిషానికి..."

"లెక్క వొద్దు. నెమ్మది."

ఆ మధ్యాహ్నం యూనిఫాం ఇస్త్రీకి వెళ్లింది.

పండగ పొద్దున తొట్టిలో బాలుణ్ణి పెట్టారు. రెండో జ్ఞానికి మెడ అతికించారు, కొంచెం పక్కకు చూస్తున్నాడు. మూలన, పట్టాల పక్కనే, గాజు సముద్రంలో ఏరేటరు చక్రం తిరుగుతోంది, పద్నాలుగు రొయ్యలున్నాయి. నాయన పచ్చ జెండా ఊపాడు. నేను కంట్రోలరు తిప్పాను. బండి చప్పుడు లేకుండా కదిలి, లూపులోకి తిరిగి, బెత్లెహేములో ఆగి, బయటికొచ్చింది. పెట్టెలన్నీ నిలబడే ఉన్నాయి.

పిల్లల పాట మొదలైంది. ఇరవై రెండు పాత ఇరుసులు పాలపొడి డబ్బాల్లో ఒకేసారి గలగలమన్నాయి. బండి కింద ఉన్నప్పుడు అవి ఎప్పుడూ అంత చప్పుడు చేయలేదు. అయ్యగారు నా వైపు చూశారు. నేను బండి వైపు చూశాను. అది మాత్రం నోరు మూసుకునే ఉంది.

తర్వాత పెద్ద ప్రార్థన. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. డ్యూటీలో ఉన్న గార్డు కళ్లు మూయడని నాయన నియమం, కాబట్టి ఆయన ఒక్కడే చూస్తున్నాడు. ఆయన్ని చూస్తూ నేనూ మూయలేదు. అప్పుడు గలిలయలోంచి ఒక రొయ్య ఎగిరింది. ఏరేటరు తిరుగుతుంటే అవి హుషారుగా ఉంటాయి. గాలిలో ఒకసారి మెలితిరిగి, సరిగ్గా పాయింటు మీద, పెరుగు మూత చీలిక పక్కన పడి కొట్టుకోసాగింది. ఇంజను మూరెడు దూరంలో ఉంది.

ఎర్ర జెండా లేచింది. నేను కంట్రోలరు కట్టేశాను. బండి రొయ్యకు బెత్తెడు ముందు ఆగింది. పదకొండు పెట్టెలు ఒకదాన్నొకటి మెల్లగా ఆనుకున్నాయి, ఏదీ ఒరగలేదు.

నాయన ముందు వరుసలో ఉన్న సంఘ పెద్ద వైపు వంగి గుసగుసగా, "నీ గలిలయ లైను మీదికొచ్చింది," అన్నాడు.

సంఘ పెద్ద కళ్లు తెరిచాడు. చూశాడు. జేబురుమాలు తీసి, మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, రొయ్యను పట్టుకోబోయాడు. అది రుమాల్లోంచి జారింది. మళ్లీ పట్టుకున్నాడు. అయ్యగారు అప్పటికే దేశాన్నీ, రాష్ట్రాన్నీ, జిల్లానూ ముగించి ఆమేన్ దగ్గరికి వచ్చేశారు. ఒక కన్ను తెరిచి లైను చూశారు. కన్ను మూసుకుని, "ఇంకా ప్రభువా, మా మండలాన్ని..." అని మళ్లీ అందుకున్నారు. మండలం అయ్యాక మత్స్యకారులు, రైతులు, రైల్వే ఉద్యోగులు. రొయ్య నీళ్లలో పడింది. సంఘ పెద్ద తడి చేతుల్తో తన చోటికి పాక్కుంటూ వచ్చాడు. నాయన వంగి పట్టాలు చూసి, తన రుమాలుతో తుడిచి, నిలబడ్డాడు.

"ఆమేన్," అన్నారు అయ్యగారు. పచ్చ జెండా ఊగింది.

ఆరాధన తర్వాత భోజనాల దగ్గర అయ్యగారు నిర్ణయం చెప్పారు. వచ్చే ఏడాది బండి ఉంటుంది. గలిలయకు పైన వల కడితే అదీ ఉండొచ్చు. సంఘ పెద్ద బిర్యానీ కలుపుకుంటూ, "అన్నా, నువ్వు చూడకపోతే పొయ్యేది గదా," అన్నాడు. బండి గురించి అన్నాడో రొయ్య గురించి అన్నాడో నేను అడగలేదు. నాయన యూనిఫాం మార్చుకోకుండానే తింటున్నాడు. చొక్కా మీద పులుసు పడితే అమ్మ వచ్చి తుడిచింది.

ఆ రోజు బండి తిరిగిన చుట్లు ఇరవై ఆరు. బెత్లెహేములో ఆగినవి ఇరవై ఆరు. బెత్లెహేము బయట ఆగింది ఒకటి. రొయ్యలు పద్నాలుగు. పట్టాలు తప్పిన పెట్టెలు సున్నా.