రేవు మొసలి, వీరన్న తుపాకి

ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు మా కాలవలకు వచ్చి పుష్కరం దాటింది. కుంఫిణీ పోయి రాణీగారి దొరతనం వచ్చింది. తుపాకి ఉంచుకోవాలంటే కచేరీలో అనుమతి తీసుకోవలసిన రోజులు. రాజోలులో నా కొలిమికి నాగటి కర్రులతో పాటు వేట తుపాకులు కూడా మరమ్మతుకు వచ్చేవి. అన్నీ గొట్టం మూతిలోంచి మందు కూరి కాల్చేవే.

ఆ వేసవిలో ఒక ఉదయం ఇద్దరు వచ్చారు. పోలయ్యది సఖినేటిపల్లి రేవులో పడవ. వీరన్న అదే పాలెం వాడు, కోరంగి ఓడల్లో కళాసీగా తిరిగి ఇల్లు చేరాడు. అతని చంకలో గోనె చుట్టిన తుపాకి ఉంది.

"ఇది బాగుందో లేదో చూడండి ఆచారిగారూ. బాగుంటే ఈయేళే కొనేస్తానండి. కచేరీ అనుమతి కూడా అయిపోయింది" అన్నాడు పోలయ్య. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మానికీ కొలిమికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

అలాంటి తుపాకి నేనంతవరకు చూడలేదు. వేలితో నొక్కే మీట చుట్టూ ఇనుప లీవరు. దాన్ని కిందికి లాగి పైకి మూస్తే లోపలి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. తూటా వెనక కొట్టే ఇనుప ముక్కను మేము గుర్రం అంటాం. ఆ గుర్రం కూడా అదే ఊపులో లేచి నిలబడుతుంది. ఇక మీట నొక్కడమే.

"అమెరికా ఓడ వాళ్లిచ్చేరండి" అన్నాడు వీరన్న.

"పడవవాడికి తుపాకి దేనికి?" అన్నాను.

వీరన్నే చెప్పాడు. "మొసలికండి. ఉగాది వెళ్లేక వీడి ఆడమనిషి రేవులో గిన్నెలు తోముతుంటే లాక్కుపోయింది. అప్పట్నించీ వీడికి నిద్దర్లేదండి. పడవ కట్టేసి గట్టు మీద నిలబడి నీళ్లకేసే చూస్తాడు."

తూటాలు తీసేసి లీవరు ఆడించి చూశాను. బాగానే నడిచింది. ఇంకోసారి మూశానో లేదో, మీట ముట్టకుండానే గుర్రం టక్కున పడింది. దాన్ని పట్టి నిలిపే గంటు అరిగిపోయింది. లోపల తూటా ఉంటే, లీవరు పూర్తిగా మూసుకోకముందే పేలి, మంట కాల్చేవాడి మొహానికే తగిలేది.

ఈ సంగతి వీరన్నకు తెలుసో లేదో చూద్దామని, లీవరు మూయబోతే పట్టుకునేలా పక్కనే నిలబడి, ఒక తూటా అతని చేతికిచ్చాను. "ఆ మట్టిదిబ్బ మీదికి ఒకసారి కాల్చి చూపించవయ్యా."

వీరన్న తూటా పెట్టాడు. లీవరు మీద చెయ్యి వేశాడు. మొహం పక్కకు తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ చెయ్యి కదల్లేదు. కాసేపటికి తుపాకి నేల మీద పెట్టి చతికిలబడ్డాడు.

"నావల్ల కాదండి. ఓడ మీద నా పక్కనోడు దీన్ని ఇలాగే మూశాడండి. చెంప ఎగిరిపోయింది. శవాన్ని సముద్రంలోనే వదిలేసేం."

పోలయ్య తిరగడం ఆపాడు. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే కొనవు కదరా. అది ఇంట్లో ఉంటే నాకు కునుకు పట్టట్లేదు. ఒక్కసారి సరిగ్గా పేలి మొసలి చస్తే నీ ప్రాణం కుదుటపడుద్ది, నాకు దీని పీడ పోద్ది అనుకున్నాను."

"నా మొహమే పోతేనో? ఇద్దరు ఆడపిల్లలున్నారు నాకు. ఇప్పటికే తల్లి లేదు."

వీరన్నను కొడతాడేమో అనుకున్నాను. పోలయ్య మాత్రం నా వైపు తిరిగి "బాగవుద్దాండీ?" అన్నాడు.

"గంటు కొత్తగా కోసి, కొలిమిలో కాల్చి, నీళ్లలో ముంచి పదును పట్టాలి. తొందరపడితే విరుగుతుంది."

"ఆయ్. కానీ నేను ఆగలేనండి."

ఆగాడు, కానీ అతని ఆగడం చూడలేకపోయాను. పడవ తమ్ముడికి అప్పగించి వచ్చి కొలిమి తిత్తి తానే ఊదేవాడు. ఊపిరి తిప్పుకోకుండా ఊదేవాడు, ఇనుము మాడిపోతుందని నేను అరవాల్సి వచ్చేది. మధ్యలో లేచి "నిన్న మొసలి ఏటి దిబ్బ మీద పడుకుందంటండి" అనేవాడు. ఆకురాయి పట్టిన నా చేతికి కూడా అతని తొందర అంటుకుంది. ఒక గంటు పాడుచేసి మళ్లీ మొదలుపెట్టాను.

పని అయ్యాక తుపాకిని కొబ్బరి మానుకు బిగించి, లీవరుకొక తాడు, మీటకొక తాడు కట్టి, ముగ్గురం గోడ చాటున నిలబడ్డాం. మొదటి తాడు లాగాను. లీవరు మూసుకుంది. ఏ చప్పుడూ లేదు. రెండోది లాగాక పేలింది. మళ్లీ మళ్లీ చూశాను. మీట తాడు లాగకుండా ఒక్కసారీ పేలలేదు.

"ఇటియ్యి. మొసల్ని నేను కాలుస్తాను" అన్నాడు వీరన్న.

పోలయ్య తుపాకి అతని చేతికిచ్చాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వశిష్ఠ గోదావరి మధ్య ఇసుకదిబ్బ మీద మొసలి నోరు తెరిచి పడుకుని ఉంది. నేనూ పడవలో ఉన్నాను. వీరన్న లీవరు మూసేటప్పుడు ఈసారి కళ్లు తెరిచే ఉంచాడు. మొదటి దెబ్బ మెడకు తగిలింది. నీటి అంచుకు పాకుతుంటే మరో రెండు కాల్చాడు. అక్కడే ఆగిపోయింది. పడవకు కట్టి రేవుకు లాక్కొచ్చాం.

జనం ఈలలు వేశారు. పోలయ్య దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. "ఇదేనంటారా ఆచారిగారూ?"

"ఏమో పోలయ్యా. చెప్పలేను."

తల ఊపాడు. అంతలో రేవులో ఎవరో కాళ్లు కడుక్కుంటుంటే "నీళ్లలోకి దిగకండే!" అని కేక వేస్తూ పరుగెత్తాడు. ఆ తరవాత కూడా అలాగే కేకలు వేసేవాడని విన్నాను. ఆ రేవులో మాత్రం మళ్లీ ఎవరినీ మొసలి పట్టలేదు.

ఆ తుపాకి పోలయ్య కొనలేదు. వీరన్న ఇంటికి తీసుకుపోలేదు. ఇద్దరూ సరేనన్నాక కచేరీలో అప్పగించాను. పోలయ్య వీరన్నతో చాలాకాలం మాట్లాడలేదు, కానీ రేవుకొస్తే పడవ ఎక్కించుకునేవాడు.

అప్పట్నుంచీ ఎవరు వాడిన తుపాకి అమ్మకానికి తెచ్చినా, గొట్టంలోకి చూడకముందే అమ్మేవాణ్ణి ఒకసారి కాల్చమంటాను. చెయ్యి వెనకాడితే కసురుకోను. పక్కన కూర్చోబెట్టి, ఎవరికి ఏం జరిగిందో చెప్పమంటాను. చాలామంది చెబుతారు.