పడవల కనబడ్డ నీలి మచ్చలు

మా ఆయన గోదావరిఖనిల బొగ్గుబాయి పనిచేసి రిటైరైనంక ఇద్దరం ఇస్తాంబుల్ చూడబోయినం. ఒకనాడు సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉన్న పాత రాజుల మహల్ చూద్దామని పడవెక్కినం.

ఎదురుంగ కూసున్న ఒక ముసలాయన, చాయ్ గ్లాసు పట్టుకున్న మా ఆయన చేతినే చూస్తున్నడు. ఆ మణికట్టు మీద నీలంగ ఒక మచ్చ ఉంటది. గాయంల బొగ్గుపొడి చేరితే మానినా రంగు పోదు. అదెట్ల తగిలిందని పెండ్లయినకాడి నుంచి అడుగుతున్న. "ఏదో తగిలిందిలే" అంటడు, అంతే.

ముసలాయన అంగి చెయ్యి పైకి మలిచి, తన చెయ్యి మా ఆయన చెయ్యి పక్కన పెట్టిండు. మోచేతి దాక అసొంటి నీలి మచ్చలే.

"ఓర్నీ, నువ్వు గూడ బాయిలనేనా అన్నా!" అన్నడు మా ఆయన, తెలుగులనే.

ముసలాయన నవ్వి, పైకప్పు కూలినట్టు రెండు చేతులు కిందికి దించి చూపిండు. మా ఆయన మెల్లగ తలూపిండు. ఒడ్డు రాంగనే ముసలాయన గుండె మీద చెయ్యేసుకొని, దిగిపోయిండు. మేం పేరు గూడ అడగలే.

నేను గూడ లేసిన. మా ఆయన కదలలే.

"ఆగవే. నా మీద కప్పు కూలిన సంగతి చెప్త."

పడవ మళ్ల ఇవతలికి మర్రింది. ఆ మట్టిల నుంచి తనను గుంజిన దోస్తుల పేర్లు ఒక్కొక్కటి చెప్పుకుంట పోయిండు. ఇవతలి ఒడ్డు కనబడంగనే, "అయ్యో, మహల్ చూద్దామంటివి గద" అన్నడు.

"మహల్ ఏడికి పోదు. నువ్వు చెప్పు" అన్న.