ఇరవైకి ఇరవై

మా పరిశోధనశాలలో ఆవిణ్ణి అందరూ కథలావిడ అంటారు. కథలు రాస్తుందనుకునేరు, అదేం కాదు. పంతొమ్మిదేళ్లుగా ఒకే కథ చదువుతోంది. నేను పక్క గదిలో మెదడు స్కానింగ్ మిషను నడుపుతాను. మా రెండు గదులకూ మధ్య ఒక పెద్ద అద్దం, గోడకి ఒక చిన్న స్పీకరు. మిషను హోరుకి నాకెప్పుడూ సగం నిద్ర, సగం మెలకువ. ఆ మగతలోకి ఆవిడ గొంతు మెల్లగా వచ్చేది: "ఒక పడవవాడు తన కూతురికి నీలం చెప్పులు కొన్నాడు..."

కథని కట్టింది మా పెద్ద డాక్టరమ్మ. మనిషి దేన్ని గుర్తుంచుకుంటాడు, దేన్ని పారేసుకుంటాడు అన్నదే ఆవిడ జీవితమంతా వెతుకుతున్నది. అందుకే ఆ కథ రెండు రకాలుగా ఉంటుంది. ఒకదాంట్లో తండ్రీ కూతుళ్లు పడవెక్కి హాయిగా ఒడ్డు చేరతారు. రెండోదాంట్లో చెప్పు నీళ్లలో పడుతుంది, అందుకోబోయి పిల్ల జారుతుంది, తండ్రి దూకుతాడు. రెండింట్లోనూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయాలు సరిగ్గా ఇరవై. భయపడ్డ మనసు ఎక్కువ దాచుకుంటుందట. ఏ జబ్బులో ఆ దాచుకోవడం ఎలా చెడుతుందో చూడాలని డాక్టరమ్మ తాపత్రయం.

కథ చదివేవాళ్ల గొంతులో మాత్రం ఏ భావమూ ఉండకూడదు. పిల్ల మునిగినా, ఒడ్డెక్కినా ఒకటే గొంతు. డెబ్బై సెకన్లు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. తర్వాత అరగంట మౌనం. గోడ గడియారం కూడా తీసేశారు. లేతరంగు తెరలోంచి వెలుగు నేలమీద పాకుతుంటే, పరీక్షకి వచ్చినవాళ్లు దాన్నే చూస్తూ కూర్చునేవాళ్లు. ఆ అరగంటా గది నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన తన సంచీ ఎక్కడుందని గాలిని అడిగేవాడు. ఒక పెద్దావిడ ఒళ్లో లేని పిల్లిని నిమిరేది. అప్పుడు కథలావిడ నిదానంగా అడిగేది, "ఇందాకటి కథలో మీకు గుర్తున్నది చెప్పండి" అని.

ఆ గొంతు ఊరికే రాలేదు. కథలావిడా, వాళ్ల అక్కయ్యా ఒకే ఇంట్లో ఉంటారు. రెండు గదులు, ఒక వంటిల్లు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగితే తీరిక దొరకలేదని నవ్వేస్తారు. అక్కయ్య దర్జీ, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పొద్దున్నే అక్కయ్య మిషను తొక్కుతుంటే, చెల్లెలు జడ వేసుకుంటూ ఆ చప్పుడుకి సరిపెట్టి కథ అప్పజెప్పుకునేది. వేగం అలా కుదిరింది. పరీక్ష కాగితం గది దాటి పోకూడదన్నది మా నియమం. కాగితం ఒక్కనాడూ దాటలేదు. కథ మాత్రం రోజూ ఇంటికెళ్లి వచ్చేది. గోడ అవతల కూర్చున్న నాకే కంఠతా వచ్చేస్తే, ఇంట్లో మనిషికి రాదా? ఇంత చదువుకున్నవాళ్లలో ఆ ముక్క ఒక్కరికీ తట్టలేదు. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈ ఏడు అక్కయ్య ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది. మరోసారి దారాల కొట్టుకని వెళ్లి, వచ్చే దారి తెలియక కొట్టు మెట్లమీదే కూర్చుండిపోయింది. అప్పుడే మా దగ్గర ఒక కొత్త మందు పరీక్ష మొదలైంది. మతిమరుపు జబ్బుని పోగొట్టదు, దాని నడకని నెమ్మదిస్తుందని ఆశ. ఇంకా తమ పని తాము చేసుకోగలుగుతూ, ఇరవైకి తొమ్మిది లోపు వచ్చినవాళ్లకే జాబితాలో చోటు. శుక్రవారంతో జాబితా సరి. సొంతవాళ్లకి సొంతవాళ్లు చదవకూడదు కాబట్టి సోమవారం అక్కయ్యకి ఆ కథని కొత్తగా చేరిన అమ్మాయి చదివింది.

అక్కయ్యకి ఇరవైకి ఇరవై వచ్చాయి.

అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. "మీ అక్కకి ఏ ఢోకా లేదు, వయసు మరుపే" అంది డాక్టరమ్మ. కథలావిడ ఏనుగెక్కినంత సంబరపడి, మా అందరికీ టీలు తెప్పించింది. నేనూ సిగ్గులేకుండా రెండు తాగాను.

గురువారం పొద్దున ఇంట్లో కథలావిడకి గొంతు పట్టేసిందట. కథ సగంలో దగ్గొచ్చి ఆగింది. కుట్టుమిషను మాత్రం ఆగలేదు. "చెప్పు నీళ్లలో పడింది. పిల్ల వంగింది" అంటూ అక్కయ్య మిగతా కథంతా పూర్తిచేసింది, కుట్టు మీంచి తలెత్తకుండా, అదే వేగంతో. చెల్లెలు చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఆవిడ తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది. తలుపు తీసే ఉంది, నేను ఫిల్ములు ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను.

"మేడం, మా అక్క మార్కులు కొట్టేయండి."

"ఏం? ఏమైంది?"

"ఆ కథ దానికి ముందే వచ్చు. తప్పు నాది. రోజూ ఇంట్లో పైకి చెప్పుకుంటాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"చేరినప్పట్నుంచీ."

డాక్టరమ్మకి ముక్కుమీదే కోపం. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది.

"నిన్ను తర్వాత తిడతాను. ముందు నన్ను నేను తిట్టుకోవాలి. ఆ వయసులో ఇరవైకి ఇరవై ఎవరికొస్తాయి? నాకే రావు. రేపు పొద్దున్నే మీ అక్కని తీసుకురా. బీరువాలో ఎవరికీ చదవని కథ ఒకటుంది, నేనే చదువుతాను. నువ్వు మాత్రం ఆ గదిలో కాలు పెట్టకు."

శుక్రవారం కథలావిడ నా పక్కన కుర్చీలో కూర్చుంది. అద్దానికి అవతల అక్కయ్య, ఇస్త్రీ చీరలో, ఫొటో తీయించుకోవడానికి వచ్చినట్టు నిటారుగా కూర్చుని ఉంది. డాక్టరమ్మ చదివింది. ఒక ఇల్లు, కిందంతా పొగ, మేడమీద చిక్కుకుపోయిన చిన్నపిల్ల.

"ఎంత తొందరండీ ఈవిడకి! అరవై సెకన్లలో ముగించేసింది" అని గొణిగింది కథలావిడ. నాకు నవ్వొచ్చింది, మింగేశాను.

తర్వాత అరగంట. నా మిషను కూడా ఆపేశాను. వెలుగు నేలమీద జానెడు జరిగింది. అక్కయ్య చీర అంచుని వేళ్లతో కొలుచుకుంటూ, మళ్లీ మొదటినుంచి కొలుచుకుంటూ కూర్చుంది. చూస్తూ చూస్తూ మేమందరం ఎవరి కలలోనో ఉన్నట్టనిపించింది.

"తక్కువే రావాలి కదూ?" అంది కథలావిడ, గొంతు తగ్గించి.

"అవునండీ. వస్తేనే మందు."

"రాకూడదు కూడా" అంది.

స్పీకర్లో డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఇందాకటి కథలో మీకు గుర్తున్నది చెప్పండి."

"ఏ కథమ్మా?"

"నేను చదివాను కదండీ."

అక్కయ్య మొహమాటంగా నవ్వింది. "మీరా? ఏమోనమ్మా, నేను ఇప్పుడే వచ్చాను."

డాక్టరమ్మ కాగితంమీద సున్నా చుట్టింది. జాబితాలో చోటు ఖాయమైపోయింది. నాకు ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, ఏడ్చాను కూడా.

అవతల అక్కయ్య ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచింది.

"నేను ఇంటికెళ్లాలమ్మా."

"ఎందుకండీ?"

"ఎందుకో తెలీదు. గుండె దడదడలాడిపోతోంది. ఇంట్లో మా చెల్లి ఒక్కతే ఉంది, చిన్నపిల్ల. దానికేమన్నా అయిందేమో."

ఆ చిన్నపిల్లకి యాభై ఆరేళ్లు. పరీక్ష ముగిసేదాకా లోపలికి ఎవరూ రాకూడదని పంతొమ్మిదేళ్లుగా మమ్మల్నందరినీ ఠారెత్తించిన డాక్టరమ్మ, పెన్ను కింద పెట్టి అద్దంవైపు తిరిగింది.

"ఆవిణ్ణి లోపలికి పంపించు" అంది నాతో.

నేను పక్కకి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.