కుప్పం పెళ్లికొడుకు

చదువు ముగించి, బెంగుళూరు ఉద్యోగపు పిలుపు కోసం ఎదురుచూస్తూ మదనపల్లెలోనే ఏదో ఒక పని చేసుకుంటున్న రోజులవి. నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ నడిస్తే చాలు, లోకమంతా నా మాట వింటుందని గట్టి నమ్మకం. మా వీధి చివర పెళ్లిసంబంధాల బ్యూరో ఉండేది. దాన్ని నడిపేవాణ్ణి అందరూ బ్యూరో మామ అనేవాళ్లు. ఆయన ఫొటోల ఆల్బమ్‌లతో విసిగిపోయి నన్ను పిలిచాడు. "అమ్మా, ఈ వివరాలన్నీ కంప్యూటర్లో పెట్టి, ఎవురికి ఎవురు సరిపోతారో అదే సెప్పేట్లు సెయ్" అన్నాడు. అదెంత పని అనుకున్నాను.

వివరాలన్నీ డేటాబేస్‌లో ఒక టేబుల్‌గా పెట్టాను. నా కోడ్ దాన్ని అడగాలి, అది జవాబివ్వాలి. రెండు రోజులు కనెక్షనే కుదరలేదు (పాస్‌వర్డ్ తప్పు కొట్టింది నేను, తిట్లు తిన్నది కంప్యూటర్). తీరా కుదిరాక, నిజంగా పనిచేస్తోందో లేదో చూద్దామని నేనే ఒక పెళ్లికొడుకును సృష్టించి టేబుల్‌లోకి ఎక్కించాను. ఊరు కుప్పం, ఉద్యోగం లెక్చరర్, మందూ సిగరెట్టూ లేవు, వంట వచ్చు, కోపం తక్కువ, భార్య ఉద్యోగం చేస్తానంటే సంతోషం. గోత్రం ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. టేబుల్‌ను అడిగే ప్రశ్న, అంటే క్వెరీ, నడపగానే మహానుభావుడు తెరమీద ప్రత్యక్షమయ్యాడు. ఆ సంబరంలో అతన్ని తీసేయడం మరిచిపోయాను.

ఒకే గోత్రం వాళ్లను కలపకూడదు కదా, అందుకని గోత్రం వేరైతే చూపించు, ఖాళీగా ఉన్నా చూపించు అని క్వెరీలో రాసి ఉన్నాను. దాంతో కుప్పం పెళ్లికొడుకు ప్రతి అమ్మాయికీ సరిపోయాడు. అన్ని గుణాలూ ఉన్నవాడు కాబట్టి అందరికంటే పైన నిలబడ్డాడు. రుసుము కట్టేదాకా పేరూ ఫొటో చూపించకపోవడం మామ పద్ధతి. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. గుర్రంకొండ నుంచీ, పెద్దమండ్యం నుంచీ "ఆ కుప్పం అబ్బాయి" అంటూ ఫోన్లే ఫోన్లు. మామ మురిసిపోతున్నాడు. ఎవరబ్బా ఈ అబ్బాయి అని టేబుల్ తెరిచి చూసి నేను బిక్కచచ్చిపోయాను.

సరిగ్గా అప్పుడే పుంగనూరు రైతు ఒకాయన, నర్సు పని చేసే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లకు కలికిరి సంబంధం దాదాపు ఖాయమైంది. సాయంత్రానికల్లా మాట చెప్పాలి.

"కలికిరోళ్లకు వద్దని సెప్పేస్తా ఉండా. ఈ కుప్పం పిల్లోడి ముందర వాడెంత?" అని ఆయన తెర చూపిస్తూ సెల్లు తీశాడు.

"నాయనా, నాకు కలికిరాయనే నచ్చినాడని సెప్తానే ఉండాను గదా" అంది ఆ పిల్ల.

"నువ్వు ఊరికే ఉండమ్మే!"

లేని మనిషి కోసం ఉన్న మనిషిని వదులుకోబోతున్నారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కీబోర్డు మీదికి వంగి డిలీట్ రాశాను. ఎవరిని తియ్యాలో కూడా జాగ్రత్తగా రాశాను (అది మరిచిపోతే బ్యూరోలో పెళ్లికొడుకన్నవాడే మిగిలేవాడు కాదు). నొక్కాను.

"కుప్పం ఆయనకు సంబంధం కుదిరిపోయింది పెద్దాయనా. ఇప్పుడే తీసేశాను" అన్నాను. మామ నోరు తెరవబోయాడు. కళ్లతోనే బతిమాలాను. పెద్దాయన తెరలోకి తొంగిచూశాడు. అక్కడ ఇప్పుడు కలికిరి అబ్బాయే పైన ఉన్నాడు. ఆయన సెల్లు జేబులో పెట్టుకున్నాడు. కూతురు పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది.

"అట్లాంటోడు ఎవురికి దొరికినాడో! ఆ పాప యా ఊరమ్మా?"

"మదనపల్లె" అనేశాను.

"పుణ్యం సేసుకోనుంటాదిలే" అంటూ లేచాడు.

అప్పటికే మా ఇంట్లో నాకూ సంబంధాలు చూస్తున్నారు. ఎలాంటివాడు కావాలే అని ఒక్కరూ అడగలేదు. అడిగినా నాకు నోరు పెగిలేది కాదు. అలాంటి మూగమొద్దు, ఊరికే పరీక్ష కోసమని ఆ కుప్పం అబ్బాయి గుణాలన్నీ తడుముకోకుండా నింపేసింది! తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. డిలీట్ నొక్కే ముందు అతని వివరాల వరసను ఇంకొక్కసారి చదువుకున్నానన్న సంగతి మాత్రం మా ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.